బట్టల్లోనే ఉంది ఒళ్లు: లాగోస్‌లో తొమ్మిది రోజులు

ఫిబ్రవరి 5, 2024, సోమవారం

ఆడిస్ అబాబాలో విమానం మారి నైజీరియాలోని లాగోస్‌లో దిగేసరికి మధ్యాహ్నమైంది. ఎల్లో ఫీవర్ టీకా వేసుకున్న పసుపు కార్డు చూపించి బయటికొస్తే, తమ్ముడి డ్రైవరు నా పేరు రాసిన అట్టముక్క పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. "వెల్‌కమ్, డాడీ" అన్నాడు. నాకు అరవై మూడు కాబట్టి ఇక్కడ నేను అందరికీ డాడీనో బాబానో అవుతానని తర్వాత తెలిసింది. సూటుకేసు అందుకుంటూ "హౌ బాడీ?" అని అడిగాడు. ఒంట్లో ఎలా ఉంది అని. మొహమాటం లేకుండా నిజం చెప్పేశాను: బీపీ ఉంది, రోజూ మాత్ర వేసుకుంటున్నాను. వాడు పగలబడి నవ్వాడు. దానికి చెప్పాల్సిన జవాబు అది కాదట. "బాడీ డే ఇన్‌సైడ్ క్లోత్" అనాలట. ఒళ్లు బట్టల్లోనే ఉంది, అంటే ఏదో నడుస్తోంది, ఇంతకు మించి తవ్వకు అని. ముప్పై ఏళ్లకు పైగా కడపలో వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి, ఇక్కడ మొదటి పాఠం కారు దగ్గరే నేర్చుకున్నాను.

కారులో రేడియో పెట్టగానే గొడవ. గ్రామీ వాళ్లు ఆఫ్రికా పాటకంటూ మొదటిసారి ఒక బహుమతి పెట్టారు. పోటీలో నిలిచిన అయిదింటిలో నాలుగు నైజీరియావాళ్లవే. తీరా రాత్రి బహుమతి దక్షిణాఫ్రికాకు చెందిన ఇరవై రెండేళ్ల టైలాకు వెళ్లింది. ఫోను చేసిన ప్రతివాడూ ఒక న్యాయమూర్తి. మా డ్రైవరు స్టీరింగు వదిలేసి రెండు చేతులూ పైకెత్తాడు. "పర్వాలేదు డాడీ, బుధవారం బాకీ తీర్చుకుంటాం." ఐవరీకోస్ట్‌లో ఆఫ్రికా కప్పు ఫుట్‌బాల్ జరుగుతోంది. బుధవారం సెమీఫైనల్లో వీళ్ల సూపర్ ఈగల్స్ ఢీకొనబోయేది దక్షిణాఫ్రికానే.

ఇకెజాలో తమ్ముడి ఇంటికి వెళ్లే దారిలో ఒక ప్రహరీగోడ మీద ఎర్ర రంగుతో పెద్ద అక్షరాలు: ఈ ఇల్లు అమ్మకానికి లేదు. నాలుగు ఇళ్లు దాటాక మరొకటి. ఇంటివాళ్లు ఊరెళ్లిన సమయం చూసి ఎవడో వాళ్ల ఇంటినే బేరం పెట్టి అమ్మేస్తాడట. అందుకని గోడకే నోరిచ్చారు. ఇలాంటి మోసాలను ఇక్కడ నాలుగు ఒకటి తొమ్మిది అంటారు. శిక్షాస్మృతిలో మోసానికి సంబంధించిన సెక్షను నంబరు 419. మనకు 420, వీళ్లకు ఒకటి తక్కువ.

వంద డాలర్లు మారిస్తే లక్షా నలభై వేల నైరాలకు పైగా వచ్చాయి. అన్నిటికంటే పెద్ద నోటే వెయ్యి. నల్ల పాలిథిన్ సంచిలో కట్టలు పెట్టుకుని ఇంటికొస్తుంటే దొంగతనం చేసినవాడిలా అనిపించింది.

ఫిబ్రవరి 6, మంగళవారం

తెల్లవారుజామున జనరేటర్లు ఆగిపోయి, వీధి పిల్లలంతా ఒక్కసారిగా "అప్ నేపా!" అని అరిచారు. కరెంటు వచ్చిందన్నమాట. నేపా అనే విద్యుత్ సంస్థ పేరు మారి, ముక్కలై, ప్రైవేటు చేతుల్లోకి పోయి ఏళ్లు గడిచాయి. ఆ కేక మాత్రం పోలేదు.

వంటావిడ పొద్దున్నే ఆకారా వేసింది. నోట్లో పెట్టుకోగానే నవ్వొచ్చింది. అలసంద గారె! నానబెట్టి, పొట్టు తీసి, ఉల్లిపాయ, మిరపకాయ వేసి రుబ్బి, నూనెలో వేయించడం. చిల్లు ఒక్కటే లేదు. మా రాయలసీమలో పండగ పిండివంట ఇక్కడ బ్రెడ్డు మధ్య పెట్టుకుని తినే వీధి ఫలహారం. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ అలసందలు పండించేది నైజీరియానే కాబట్టి ఆ చనువు వాళ్లకు చెల్లుతుంది. తర్వాత ఎర్రగా, పుల్లగా ఒక పానీయం ఇచ్చింది. పేరు జోబో. అడిగి ఎండు సరుకు తెప్పించుకుని చూస్తే గోంగూర పువ్వు కింద ఉండే ఎర్ర రక్షక పత్రాలు. మనం ఆకు తిని కాయ వదిలేస్తాం, వీళ్లు కాయ తొడుగును మరిగించి అల్లం వేసి తాగుతారు. బీపీకి మంచిదని ఆవిడ అభిప్రాయం. ఇక్కడ ప్రతి దాని గురించి ప్రతి ఒక్కరికీ అభిప్రాయం ఉంటుంది, అడగాల్సిన పని లేదు.

బియ్యం గురించి ఆవిడ అభిప్రాయం మాత్రం నవ్వుతూ చెప్పలేదు. యాభై కిలోల బస్తా డెబ్బై వేల నైరాలు దాటింది. కనీస వేతనం నెలకు 30,000. కొత్త అధ్యక్షుడు తినుబు 2023 మే 29న ప్రమాణ స్వీకారం చేసిన రోజే పెట్రోలు సబ్సిడీ పోయిందని ప్రకటించారు. జూన్‌లో నైరాను మార్కెట్‌కు వదిలేశారు. ఆ రెండు నిర్ణయాలూ తిరిగి తిరిగి ఆవిడ కుండలోకి వచ్చాయి. నిన్న మిన్నాలో, కానోలో ఆకలి అంటూ జనం రోడ్డెక్కారు. ఆర్థికశాస్త్రం తెలిసినవాళ్లు అది తప్పనిసరి వైద్యమంటారని తమ్ముడన్నాడు. రోగి బతికి ఉండగా చేస్తే వైద్యమేనని నా మరదలు వంటింట్లోంచి అంది.

సాయంత్రం తమ్ముడు ఫోనులో అండర్-19 ప్రపంచకప్పు చూపించాడు. బెనోనిలో మన కుర్రాళ్లు దక్షిణాఫ్రికాను రెండు వికెట్లతో గెలిచి ఫైనల్‌కు వెళ్లారు. డ్రైవరుకు క్రికెట్ అర్థం కాదు. అయిదు రోజులు ఆడి చివరికి ఎవరూ గెలవకుండా చేతులు కలుపుకుని వెళ్లిపోయే ఆట ఒకటుందని చెబితే నేను అబద్ధమాడుతున్నానని అనుకున్నాడు. దక్షిణాఫ్రికా ఓడిందన్న ముక్క మాత్రం బాగా అర్థమైంది. "మంచి శకునం" అన్నాడు.

ఫిబ్రవరి 7, బుధవారం

మధ్యాహ్నం నుంచే వాట్సాప్ వేడెక్కింది. దక్షిణాఫ్రికాలో ఉన్న నైజీరియన్లు మ్యాచ్ చూసేటప్పుడు జాగ్రత్తగా ఉండాలని, గెలిస్తే రెచ్చిపోయి సంబరాలు చేయవద్దని అక్కడి వీళ్ల రాయబార కార్యాలయం ప్రకటన ఇచ్చింది. ఆటకు ముందు ప్రభుత్వం హెచ్చరిక చేయడం మనకు కొత్త కాదులెండి.

ఆరు గంటలకు ఆట. ఇంట్లో పెద్ద టీవీ ఉన్నా, డ్రైవరు నన్ను వీధి చివర వ్యూయింగ్ సెంటరుకు తీసుకుపోయాడు. రేకుల షెడ్డు, చుట్టూ నీలం టార్పాలిన్ పట్టా, చెక్క బల్లలు, రెండు టీవీలు, బయట రెండు జనరేటర్లు. ఒకటి ఆగితే రెండోది. తలకు మూడు వందల నైరాలు. మామూలు శనివారాల్లో ఇక్కడ ఇంగ్లండు లీగు చూస్తారు. సగం మంది ఆర్సెనల్ భక్తులు, ఒకప్పుడు అక్కడ ఆడిన నైజీరియా ఆటగాడు కానూ పుణ్యమా అని. పక్కనే పందేల కొట్టు. చీటీలు పట్టుకున్న కుర్రాళ్లు ఆట మొదలయ్యే దాకా లెక్కలు వేస్తూనే ఉన్నారు. దేశభక్తి వేరు, చీటీ వేరు అని ఒకడు నాకు వివరించాడు. వాడు మ్యాచ్ సమం అవుతుందని పందెం కాశాడు.

నా పక్కన డెబ్బై ఏళ్ల పెద్దాయన కూర్చున్నాడు. రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. 1980లో సురులేరె స్టేడియంలో అల్జీరియాను 3-0తో ఓడించి నైజీరియా మొదటిసారి ఆఫ్రికా కప్పు గెలిచినప్పుడు ఈయన అక్కడే ఉన్నాడట. 1994 ప్రపంచకప్పులో దేశానికి తొలి గోలు కొట్టిన యెకిని, గోలుపోస్టు వలలోకి చేతులు దూర్చి ఏడుస్తూ అరిచిన దృశ్యాన్ని కూర్చున్నచోటే అభినయించి చూపించాడు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో బ్రెజిల్‌ను, అర్జెంటీనాను వరుసగా ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టు కెప్టెన్ కానూ. ఆ కొద్ది నెలల్లోనే అతని గుండె కవాటంలో లోపం బయటపడింది. ఆపరేషన్ చేయించుకుని మళ్లీ ఆడాడు, తర్వాత పిల్లల గుండె ఆపరేషన్ల కోసం ఒక సంస్థ పెట్టాడు. "మా ఫుట్‌బాల్‌కి గుండెజబ్బు మొదటి నుంచీ ఉంది" అన్నాడు పెద్దాయన.

అరవై ఏడో నిమిషంలో ట్రూస్ట్-ఎకాంగ్ పెనాల్టీ గోలు కొట్టాడు. బల్లలు కూలాయి. ఆట ముగియవస్తుండగా ఒసిమెన్ రెండోది కొట్టాడు. ఇక అయిపోయిందనుకుని సగం మంది రోడ్డు మీదికి పరుగెత్తారు. షెడ్డులో మిగిలినవాళ్లం రిఫరీ చెవి మీద వేలు పెట్టుకోవడం చూశాం. అతను పక్కనున్న తెర దగ్గరికి వెళ్లి చూసి వచ్చి, గోలు రద్దు చేశాడు. అంతటితో ఆగలేదు. దానికి ముందు అవతలి పెనాల్టీ పెట్టెలో నైజీరియా ఆటగాడు తప్పు చేశాడని దక్షిణాఫ్రికాకే పెనాల్టీ ఇచ్చాడు. గోలు. రోడ్డు మీద 2-0 అని ఎగురుతున్నవాళ్లకు లోపల 1-1 అయిందని తెలియదు. వాళ్లు ఒక్కొక్కరే పట్టా ఎత్తి లోపలికి తొంగిచూసి, ముఖాల మీద నవ్వు అలాగే అతుక్కుని ఉండగా, నోరు మూసుకోవడం నేను చూశాను.

అదనపు సమయమూ తేలలేదు. పెనాల్టీలు. పెద్దాయన లేచాడు. "డాక్టరు ఇవి చూడవద్దన్నాడు" అని చేతికర్ర తీసుకున్నాడు. నాకు ఏ డాక్టరూ చెప్పలేదు కానీ నా చెవుల్లో కూడా గుయ్యిమంటోంది. నేనూ లేచాను. బయట సూయా కాల్చే అతను పల్లీపొడీ కారమూ పట్టించిన మాంసం చువ్వలను నిప్పుల చుట్టూ నిలబెట్టి ఉన్నాడు. ముగ్గురమూ తెరకు వీపు పెట్టి నిలబడ్డాం. లోపలి నుంచి వచ్చే చప్పుడును బట్టి లెక్క. చిన్న కేక వేస్తే మన గోలు. ఏ చప్పుడూ లేకపోతే వాళ్ల గోలు. మధ్యలో ఒక మూలుగు, అంటే మనవాడు పోగొట్టాడు. రెండుసార్లు మాత్రం షెడ్డు పైకప్పు లేచిపోయినంత అరుపు. గోల్‌కీపర్ న్వాబాలి ఆపాడు. ఇతను దక్షిణాఫ్రికాలోని క్లబ్బుకే ఆడుతున్నవాడు. ప్రతి అరుపుకూ పెద్దాయన నా మణికట్టు పట్టుకుని వదిలాడు. ఆఖరిది ఇహెనాచో కొట్టాడని మాకు చెప్పినవాళ్లు లేరు, జనమే తోసుకుంటూ మా మీద వచ్చి పడ్డారు. 4-2. సూయా అతను తన చువ్వలను రెండు చేతులతో కాపాడుకుంటూ తనూ అరుస్తున్నాడు.

సమం అవుతుందని కాసిన కుర్రాడు కూడా గెలిచాడు. అతని లెక్క తొంభై నిమిషాల వరకే.

ఫిబ్రవరి 8, గురువారం

పొద్దున రేడియో పెట్టి నా మరదలు కట్టేసింది. రాత్రి మ్యాచ్ చూస్తూ కుప్పకూలి ప్రాణాలు వదిలినవాళ్ల వార్తలు ఒకటొకటిగా వస్తున్నాయి. ఒక మాజీ పార్లమెంటు సభ్యుడు, క్వారా రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయ ఉద్యోగి, చదువయ్యాక చేసే జాతీయ సేవలో ఉన్న ఒక యువకుడు. ఆ పెనాల్టీల సమయంలోనేనట కొందరికి.

మందుల దుకాణానికి వెళ్లాను. నాలాంటివాళ్లు నాకంటే ముందే వరుసలో ఉన్నారు, బీపీ చూపించుకోవడానికి. ఎవరి నంబరు వాళ్లు గట్టిగా చదివి వినిపించుకుంటున్నారు, పందెం చీటీల్లాగే. నాది 158, 94. "చిన్నపిల్లాడివి" అన్నట్టు చూసింది పక్కనున్న ఆమె. ఆమె అభిప్రాయంలో బీపీకి కారణం ఉప్పు కాదు, ప్రభుత్వం. ఫార్మసిస్టు అభిప్రాయంలో సగం మంది మాత్రలు మధ్యలో మానేస్తున్నారు, ధర అందక. 2023లో రెండు పెద్ద విదేశీ మందుల కంపెనీలు ఈ దేశంలో దుకాణం సర్దేస్తున్నట్టు ప్రకటించాక కొన్ని మందుల ధరలు చూస్తుండగానే రెట్టింపయ్యాయి. అలమర నిండా మన దేశపు పెట్టెలే. ఒక దాని మీద హైదరాబాదు చిరునామా చూసి ఊరివాణ్ణి కలిసినట్టయింది. అంత డబ్బు లేనివాళ్ల కోసం గడప అవతలే ఒకావిడ గిన్నె నిండా సీసాలు పెట్టుకుని అగ్బో అమ్ముతోంది. వేర్లూ బెరళ్లూ ఉడికించిన కషాయం. మలేరియాకు ఒకటి, మొలలకు ఒకటి, "మగాళ్లకు" ఒకటి. ఏ చెట్టు బెరడని అడిగితే చెప్పలేదు, నన్ను పోటీదారుగా అనుమానించింది.

తిరిగి వస్తూ డ్రైవరు తన చెల్లెలి పెళ్లి గురించి చెప్పాడు. ఆగిపోయింది. కులం కాదు, కట్నం కాదు, రక్తం. ఇక్కడ అబ్బాయీ అమ్మాయీ కాస్త దగ్గరవగానే అడిగే ప్రశ్న "నీ జీనోటైప్ ఏమిటి?" అని. ఏఏ అయితే నిశ్చింత. ఏఎస్ అంటే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు లక్షణాన్ని మోసేవాళ్లు. ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు అలాంటివారే. మలేరియా నుంచి కొంత కాపాడే లక్షణం కాబట్టి మలేరియా నేల దాన్ని తరతరాలుగా నిలబెట్టింది. ఇద్దరు ఏఎస్‌లు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే ప్రమాదం నాలుగో వంతు. చాలా చర్చిలు పరీక్ష కాగితం చూపించనిదే పెళ్లి చేయవు. వీళ్లిద్దరూ మూడేళ్లు తిరిగాక ఆ కాగితం తెచ్చుకున్నారు. "ఆమె ఏడవలేదు డాడీ. ఫోనులో ఉన్న ఫోటోలన్నీ కూర్చుని తీసేసింది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పట్టింది."

మన పాడేరు, ఆదిలాబాదు ఏజెన్సీల్లోనూ ఇదే జబ్బు. 2023 జులైలో మన ప్రభుత్వం దాని నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. కడపలో పెళ్లిచూపుల్లో జాతకాలు అడగడం విన్నాను గానీ రక్తం గురించి ఎవరూ అడగగా వినలేదు. ఆ మాట డ్రైవరుతో అనలేకపోయాను.

ఫిబ్రవరి 9, శుక్రవారం

ఇబాదాన్‌కు రైలు. 157 కిలోమీటర్ల కొత్త మార్గం, 2021లో మొదలైంది. రెండున్నర గంటల పైన పట్టింది. కొండ మీంచి చూస్తే ఊరంతా తుప్పు పట్టిన ఎర్ర రేకులే. 1963లో ఇక్కడి స్టేడియంలో నైజీరియా బాక్సర్ డిక్ టైగర్ ప్రపంచ బాక్సింగ్ కిరీటం కోసం తలపడ్డాడు. మన వయసువాళ్లకు ఇబాదాన్ అంటే ఆ ముచ్చటే చెబుతారు.

మధ్యాహ్నం అమాలా తిన్నాను. ఎండబెట్టిన పెండలం పిండిని వేడినీళ్లలో కెలికిన ముద్ద, రంగూ మెత్తదనమూ అచ్చం రాగిసంకటి. పక్కన జారుడుగా ఆకు పులుసు, పసుపు రంగు అలసంద పప్పు. కుడిచేత్తో తుంచి, వేలితో గుంట చేసి, ముంచి, నమలకుండా మింగడం. హోటలు కుర్రాడు నా చేతి పనితనం చూసి రెండో ముద్ద ఉచితంగా పెట్టాడు. విదేశంలో నాకు దక్కిన ఏకైక సన్మానం అదే.

విశ్వవిద్యాలయంలో ముగ్గురు పరిశోధక విద్యార్థులు దొరికారు. నన్ను చూడగానే అబ్బాయిలు ఒంగి నేల తాకబోయారు, అమ్మాయి మోకాళ్లు వంచింది. యొరుబాలో పెద్దలను పలకరించేటప్పుడు ముందు "ఎ" చేరుస్తారు, "ఎ కారో", "ఎ కాసాన్" అని. అది బహువచనం, మన "మీరు" లాగే. ఇంగ్లీషులో మాట్లాడుతున్నంతసేపూ మా ఇరువైపులవాళ్లకూ ఆ "మీరు" లోటు తెలుస్తూనే ఉంది.

వాళ్ల మాటల్లో ఎక్కువసార్లు వినిపించినది జాపా. యొరుబాలో పరుగు తీయడం, ఇప్పుడు దేశం వదిలిపోవడం. డాక్టర్లు బ్రిటన్‌కు, నర్సులు బ్రిటన్‌కు, వీళ్ల మాస్టారు కెనడాకు. "మీ తెలుగువాళ్లు అమెరికా వెళ్తారటగా, మీరూ ఏదో పేరు పెట్టుకున్నారా?" అని అమ్మాయి అడిగింది. ఆలోచించాను. మనం పేరు పెట్టలేదు, పండగ చేసుకున్నాం.

పొడుగాటి అబ్బాయి లాప్‌టాప్‌ను పాత బియ్యం సంచిలో పెట్టుకుని తిరుగుతాడు. మంచి బ్యాగు, మంచి ఫోను ఉన్న కుర్రాణ్ణి పోలీసులు ఇంటర్నెట్ మోసగాడిగా, ఇక్కడి మాటలో యాహూ బాయ్‌గా, లెక్కేసి ఆపుతారు. 2020 అక్టోబరులో కుర్రకారు రోడ్డెక్కింది ఇందుకే. సార్స్ అనే పోలీసు దళాన్ని రద్దు చేయాలని. అక్టోబరు 20 రాత్రి లెక్కి టోల్‌గేటు దగ్గర సైనికులు కాల్పులు జరిపారు. మరుసటి ఏడాది జూన్‌లో ప్రభుత్వం ట్విట్టర్‌ను మూసేసింది, 2022 జనవరి దాకా. "ఏం చేశారు ఏడు నెలలు?" అన్నాను. "మా అమ్మకు కూడా అడ్డుగోడ దాటించే వీపీఎన్ నేర్పాను" అన్నాడు. "ఇప్పుడు ఆవిడే ఎక్కువ ట్వీట్లు పెడుతుంది."

ఫిబ్రవరి 10, శనివారం

తిరిగి లాగోస్. శనివారమంటే విందు. తమ్ముడి కంపెనీలో ఎవరిదో పెళ్లి. బంధువులంతా ఒకే తానులోంచి కత్తిరించిన బట్టలు. వధూవరుల మీద నోట్లు చల్లడం 2007 కేంద్ర బ్యాంకు చట్టం ప్రకారం నేరం. చల్లారు. కానీ చేతులు మునుపటంత ఉదారంగా లేవని తమ్ముడన్నాడు. మధ్యలో ఫోన్లు మోగాయి. యాక్సెస్ బ్యాంకు గ్రూపు అధిపతి హెర్బర్ట్ విగ్వే, భార్యా కొడుకుతో సహా, కాలిఫోర్నియాలో హెలికాప్టర్ కూలి చనిపోయాడు. వాద్యం ఆగలేదు కానీ బల్లల దగ్గర ఎవరూ తలెత్తలేదు.

ఫిబ్రవరి 11, ఆదివారం

పొద్దున చర్చిలు, మధ్యాహ్నం మన అండర్-19 ఫైనల్. ఆస్ట్రేలియా చేతిలో 79 పరుగుల తేడాతో ఓటమి. డ్రైవరు ఫోను చేసి స్కోరు అడిగి, చాలాసేపు మాట్లాడలేదు.

రాత్రి తొమ్మిదింటికి ఐవరీకోస్ట్‌తో ఫైనల్. ట్రూస్ట్-ఎకాంగ్ తలతో ఒకటి కొట్టాడు. తర్వాత అవతలివాళ్లలో కెసియే, చివర్లో హాలేర్. 2-1. అంతే. గెలిచిన ఐవరీకోస్ట్ గ్రూపు దశలో వీళ్ల చేతిలోనే ఓడి, ఈక్వటోరియల్ గినీ చేతిలో నాలుగు గోల్స్ తిని, మధ్యలో కోచ్‌ను పంపేసుకున్న జట్టు. పెద్దాయన రాలేదు. ఆయన బల్ల మీద ఎవరో కూర్చున్నారు. ఎక్కడున్నాడని అడిగితే ఎవరికీ తెలియదు. నాకు ఆట మీద దృష్టి నిలవలేదు.

ఫిబ్రవరి 12, సోమవారం

వీధి మొత్తానికి ఒక దోషి కావాలి. దొరికాడు: జట్టు ఆటగాడు అలెక్స్ ఇవోబీ. పాతతరం ఫుట్‌బాల్ మాంత్రికుడు ఒకోచాకు మేనల్లుడు. అతని ఫోటోల కింద రాత్రంతా తిట్లు రాశారు. ఒక పాత ఫోటో కింద రాసిన దాన్ని డ్రైవరు గర్వంగా నాకు చూపించాడు. అది వాడిదే. వంటావిడ వాడి చేతిలోంచి ఫోను లాక్కుని చదివి, "ఇది మీ అమ్మకు చదివి వినిపించు" అని తిరిగిచ్చింది. వాదన గంటసేపు సాగింది. జీతాలు తీసుకుంటున్నారు కాబట్టి పడాలని వాడు, తిట్టు తగిలేది జీతానికి కాదని ఆవిడ.

మనవైపు నుంచి నీతులు చెప్పే హక్కు నాకు లేదు. 2022 ఆసియా కప్పులో ఒక్క క్యాచ్ జారవిడిచినందుకు అర్ష్‌దీప్ సింగ్‌ను మన జనం ఏమేమన్నారో నాకు గుర్తుంది.

సాయంత్రం పెద్దాయన కనిపించాడు. మందుల దుకాణం ముందు బల్ల మీద, ఒళ్లో రేడియో. ప్రాణం లేచొచ్చింది. ఫైనల్ రోజు ఎనిమిదింటికే భోంచేసి పడుకున్నాడట. కరెంటు లేదు, జనరేటరులో పెట్రోలు పోయించలేదు. "నేపా నాకు చేసిన ఏకైక మేలు" అన్నాడు. రేడియో వెనక మూత తీసి ఉంది, బ్యాటరీలు జేబులో ఉన్నాయి. నేను నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపాడు. "స్కోరు చెప్పకండి. నిన్న రాత్రి ఈ వీధిలో ఒక్క కేక కూడా వినిపించలేదు, నాకు చెవులున్నాయి. అయినా ఎవరూ చెప్పనంత వరకు నాకు తెలియనట్టే."

ఫిబ్రవరి 13, మంగళవారం

విమానాశ్రయానికి బయలుదేరాం. వాహనాలు చీమల బారులా నిలిచిపోయాయి. డ్రైవరు ఫోను చూసి మెల్లగా అన్నాడు: "ఇవోబీ తన ఫోటోలన్నీ తీసేశాడు."

"నీ రాత?"

"ఫోటో పోతే దాని కిందిది కూడా పోతుంది డాడీ." కాసేపాగి, "మా చెల్లికి మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పట్టింది" అన్నాడు.

మూల మలుపు దగ్గర పెద్దాయన బల్ల మీదే ఉన్నాడు. డ్రైవరు అద్దం దించి "బాబా, హౌ బాడీ?" అని అరిచాడు. ఆయన రేడియో పైకెత్తి చూపించాడు. మూత ఇంకా తీసే ఉంది.